బోర్డు మార్చే ముందు నా మాట వినవే

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "మీ మేనకోడలి వరస చూశారా వదినా, కారు కంప్యూటర్ తనే మార్చుకుంటుందట" అంది. గర్వంగానే అనిపించింది. మన ఇంట్లో నా తర్వాత స్క్రూడ్రైవర్ పట్టిన ఆడపిల్లవి నువ్వే. కానీ పక్క మీద వాలాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబుదామంటే "సరే అత్తా, సరే అత్తా" అంటూ ఇంకో పక్క ల్యాప్‌టాప్ నొక్కుకుంటూ ఉంటావు. అందుకని రాస్తున్నాను. నీలం టిక్కులు పడితే చాలదు, కూర్చుని చదువు.

అసలు ఈసీఎం, అదే ఇంజిన్‌ని నడిపే ఆ కంప్యూటర్ బోర్డు, పోయిందని ఎవరన్నారు? వేళచ్చేరిలో మెకానిక్ అన్నాడని, నువ్వు ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ స్కానర్ కూడా కనెక్ట్ కాలేదని మీ అమ్మ చెప్పింది. అది సాక్ష్యం కాదే. నీ కారు 2003 మోడల్. కారు తన లోపాలు తనే పసిగట్టి స్కానర్‌కి చెప్పే ఓబీడీ పద్ధతి మన దేశంలో తప్పనిసరి అయింది 2010లో, బీఎస్4 అనే పొగ నిబంధనలతో పాటు, అదీ మొదట చెన్నై లాంటి పెద్ద నగరాల్లోనే. అంతకు ముందు కార్లలో ఏ కంపెనీ పద్ధతి దానిదే. నీ చవక స్కానర్‌తో అది మాట్లాడలేదంటే బోర్డు చచ్చిపోయిందని కాదు.

నా ఉద్యోగమంతా బోర్డులు రిపేరు చేసే బల్ల దగ్గరే గడిచింది. "పోయింది మేడమ్" అని తెచ్చిన ఈసీఎంలలో ఎన్నో, బల్ల మీద కరెంటు ఇవ్వగానే చక్కగా పనిచేసేవి. రోగం కారులో ఉండేది.

కాబట్టి ముందు తాళం ఆన్ చెయ్యి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? మెయిన్ రిలే టక్‌మందా? పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మందా? ఈ మూడూ జరిగితే బోర్డు బతికే ఉందని చాలావరకు నమ్మొచ్చు. జరక్కపోయినా ముందు చూడాల్సింది ఫ్యూజు, రిలే, ఎర్తు. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో మంచి మల్టీమీటర్ ఒకటి కొనుక్కో. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలి, స్టార్టర్ తిరిగేటప్పుడు 10 దగ్గరైనా నిలబడాలి. అలా తిరుగుతుండగానే బోర్డు ఎర్తు పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలువు. 0.2 వోల్టు దాటిందంటే ఎక్కడో ఎర్తు వదులైంది, లేదా తుప్పు పట్టింది. సెన్సర్లకి వెళ్ళాల్సిన 5 వోల్టులు లేకపోతే వాటి కప్లర్లు, అంటే వైర్ల చివర గుచ్చే ప్లగ్గులు, ఒక్కొక్కటే పీకి చూడు. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొస్తాయో దొంగ అదే.

ఇవన్నీ బాగుండి, నిజంగా బోర్డే పోయిందనుకో. అది ఎందుకు పోయిందో తేలకుండా ఇంకోటి పెట్టావంటే అచ్చం మీ నాన్న కూతురివే.

మీ నాన్న నీకు ఈ కథ చెప్పి ఉండడు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో ఎన్ని కార్లు మునిగాయో నీకూ గుర్తుండే ఉంటుంది. మనది మునగలేదు, అప్పుడు పెళ్ళికని హైదరాబాదులో ఉంది. ఆ తర్వాతి మే నెలలో జీఎస్టీ రోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోయింది. మెకానిక్ ఈసీఎం అన్నాడు. మీ నాన్న నన్ను ఒక్క మాట అడగలేదు, అక్కని అడిగితే చిన్నతనం కదా! నేరుగా పాత కారు సామాన్లు అమ్మే పుదుప్పేట వెళ్ళి, నంబరు కలిసిన పాత బోర్డు బేరమాడి తెచ్చి బిగించాడు. కారు స్టార్ట్ అయింది. ఆ రోజు మీ ఇంట్లో పాయసం.

నెల తిరక్కముందే మళ్ళీ ఆగింది. ఈసారి రాత్రిపూట, కత్తిపారా ఫ్లైఓవర్ మీద. వెనక సీట్లో మీ నానమ్మ, ఆవిడ ఒళ్ళో నిద్రపోతూ నువ్వు. వెనక నుంచి బస్సులు, లారీలు హారన్లు కొడుతూ రాసుకుంటూ పోతుంటే మా అమ్మ నిన్ను చున్నీలా చుట్టేసుకుని కూర్చుందట. మర్నాడు మీ నాన్న పుదుప్పేట వెళ్ళి ఆ కొట్టాయనతో పెద్ద రగడ పెట్టుకున్నాడు, వరదలో మునిగిన బండి బోర్డు అంటగట్టావని. ఆయన పాపం, "ఇది యాక్సిడెంట్ బండిది సార్" అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

చివరికి రెండు బోర్డులూ నా బల్ల మీదకే వచ్చాయి. మూతలు విప్పి భూతద్దం కింద పెట్టాను. వరదనీళ్ళు తాగిన బోర్డులు ఆ ఏడాది చాలా చూశాను. ఐసీల కాళ్ళ సందుల్లో బూడిదరంగు ఒండ్రు ఉంటుంది, మూత లోపలి అంచున నీటి గీత ఉంటుంది. పైపైన ఎంత కడిగినా ఆ సందుల్లోది పోదు. వీటిలో ఒండ్రు లేదు. కప్లర్ గుచ్చే చోట ఒక చివర, పిన్నుల మొదళ్ళలో మాత్రం పచ్చగా చిలుం పట్టి ఉంది. రెండో బోర్డులోనూ అదే చివర, అవే పిన్నులు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రెండు బోర్డులకి ఒకే మూల చిలుం ఎలా పడుతుంది? నీళ్ళు మన కారులోనే ఉన్నాయి.

కిందికి వెళ్ళి డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ ఎత్తాను. దాని అడుగున ఫెల్టు చేత్తో నొక్కితే నీళ్ళు ఊరాయి. ఏసీ కాయిల్ నీళ్ళు బయటికి పోయే గొట్టం దుమ్ముతో పూడుకుపోయింది. ఏసీ వేసినంతసేపూ ఆ నీళ్ళు లోపలికే పొంగి, వైర్లు పట్టుకుని పాకి, కప్లర్‌లోకి దిగుతున్నాయి. మే నెలలో మెడ్రాసులో ఏసీ ఆపే నాథుడెవరు! పాత సైకిల్ ఊచతో గొట్టం పొడిస్తే నల్లటి బురద బొళుక్కున పడింది. ఇంతే పని.

మీ నాన్న ఆ కొట్టాయనకి సారీ చెప్పలేదులే. ఆ వారమే వెళ్ళి అవసరం లేని వైపర్ బ్లేడ్లు ఒక జత ఆయన దగ్గర కొనుక్కొచ్చాడు. చిన్నప్పటి నుంచీ వాడు సారీ చెప్పే పద్ధతి అదే. నేను చెప్పానని మాత్రం అనకు.

అందుకని ఈ రోజే ఏసీ పావుగంట వేసి కారు కిందికి వంగి చూడు. నేల మీద చుక్కలు పడాలి. పడకపోతే కార్పెట్ కింద చెయ్యి పెట్టు. ముందు అద్దం చుట్టూ రబ్బరు కూడా చూడు, వాన నీళ్ళు అక్కణ్ణుంచీ దిగుతాయి. బోర్డు తిరిగి బిగించేటప్పుడు వైర్లు కప్లర్ కంటే కాస్త కిందికి వేలాడి పైకి వచ్చేలా సర్దు. ఎప్పుడైనా నీళ్ళు పాకినా ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

నీళ్ళు కాకపోతే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్, బండి కదలనప్పుడు ఇంజిన్ వేగం (ఐడిల్) సర్దే ఐడిల్ వాల్వు కొలవాలి. ఆ కాలపు ఎంపీఎఫ్ఐ (సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉండే) ఇంజిన్ల ఇంజెక్టర్లు సాధారణంగా 12 నుంచి 16 ఓమ్‌లు చూపిస్తాయి. వాటిలో ఏదైనా షార్టయి ఒకట్రెండు ఓమ్‌లకి దిగిందంటే బోర్డులో దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌ని కాల్చేస్తుంది. కొత్త బోర్డునీ వదలదు.

కొనాల్సి వస్తే పార్ట్ నంబరు చివరి అక్షరంతో సహా కలవాలి. ఇమ్మొబిలైజర్, అంటే సొంత తాళానికి తప్ప ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు, ఉన్న కారయితే వేరే బండి బోర్డు నీ తాళాన్ని గుర్తుపట్టదు. ఆ బండి తాళం, ఇమ్మొబిలైజర్ యూనిట్ కలిపి కొనాలి, లేదా నీ పాత బోర్డులోని డేటా కొత్తదానికి ఎక్కించగలవాణ్ణి చూసుకోవాలి. కొట్లోనే మూత తీసి చూపించమను. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయ్.

బిగించడం పెద్ద విషయం కాదు. బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపాగు, ఏదైనా ఇనుము ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకో, పిన్నుల మీద వేళ్ళు పెట్టకు, కప్లర్‌ని బలవంతంగా తొయ్యకు. స్టార్టయ్యాక మొదట్లో ఐడిల్ కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే కంగారు పడకు, కొంత నడిచాక అదే సర్దుకుంటుంది. ఇంకొకటి, జంప్ స్టార్ట్ కేబుళ్ళు ఎవరి చేతికీ ఇవ్వకు. ప్లస్ మైనస్ ఒక్కసారి తిరగబడితే కొత్త బోర్డు గతి అంతే.

మొదటి వారం మీ కాలనీలోనే తిప్పు. ఆఫీసుకి బస్సులో వెళ్ళు. కత్తిపారా వైపు మాత్రం వద్దు, అత్త చాదస్తం అనుకున్నా సరే.

పాత బోర్డు ఎక్స్ఛేంజి అంటే ఎవరికీ ఇచ్చెయ్యకు. అంతటి పాత బోర్డుల్లో కెపాసిటర్లు కారడం మామూలే, మూత తీస్తే చేపల వాసన వస్తుంది. అదే అయితే కొత్త కెపాసిటర్లు వేసుకుంటే సరిపోతుంది, బోర్డు కొనే పనే ఉండదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నాకు మళ్ళీ సన్నవి కూడా బాగానే కనిపిస్తున్నాయి. ఆదివారం పెరంబూరు తీసుకురా, సోల్డరింగ్ నీ చేతే చేయిస్తాను. పొద్దున్నే రా, మధ్యాహ్నం భోంచేశాక నేను పడుకుంటాను.

మీ అత్త