పాలు పట్టేటప్పుడు నొప్పి: లాక్టేషన్ కన్సల్టెంట్‌కి 9 వేలు కట్టాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. సిజేరియన్ అయి 12 రోజులైంది. బాబు పుట్టినప్పుడు 3 కిలోలు, నాలుగో రోజు డిశ్చార్జి అయ్యేటప్పుడు 2.75, నిన్న 2.9. రోజుకు ఏడెనిమిదిసార్లు ఒంటికి పోస్తున్నాడు. నాకే పాలు పట్టాలంటే ప్రాణం పోతోంది, చనుమొనలు పగిలాయి. ఇంటికి వచ్చి పాలు పట్టడం నేర్పే లాక్టేషన్ కన్సల్టెంట్ మూడు విజిట్లకు 9 వేలు ముందే కట్టమంటున్నారు. మా అత్తయ్యేమో ‘ఆ డబ్బు ఎందుకు దండగ, డబ్బా పాలు పట్టు’ అంటున్నారు. ఏం చేయమంటారు?

డాక్టర్ సలహా: అమ్మా, ముందు ఆ అంకెలు చూద్దాం. మొదటి నాలుగైదు రోజుల్లో పసిబిడ్డ బరువు తగ్గడం మామూలే. మీ బాబు ఆ తర్వాత ఏడెనిమిది రోజుల్లో 150 గ్రాములు పెరిగాడు. కొంచెం నెమ్మదే, కానీ పెరుగుతున్నాడు, ఒంటికీ బాగానే పోస్తున్నాడు. అంటే మీకు పాలు ఉన్నాయి. ఇప్పుడు డబ్బా పాలు మొదలుపెట్టాల్సిన పని లేదు.

తేడా బాబు రొమ్ము పట్టుకునే తీరులో ఉన్నట్టుంది. పాలు తాగి వదిలిన వెంటనే చనుమొన చూసుకోండి. ఏటవాలుగా నొక్కేసినట్టు ఉంటే బాబు మొన మాత్రమే పట్టి నములుతున్నాడన్నమాట. నోరు బాగా తెరిచాక, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా, ముఖ్యంగా కిందివైపుది, నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి. కుట్ల మీద బరువు పడకుండా బాబుని చంక కింద పెట్టుకుని పట్టి చూడండి.

డబ్బు కట్టే ముందు, కాన్పు చేసిన ఆసుపత్రికి ఒకసారి ఫోన్ చేయండి. చాలాచోట్ల పాలు పట్టించడం నేర్పే నర్సులు ఉంటారు, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజే వాళ్లకీ చూపించవచ్చు. నీలోఫర్‌లో తల్లిపాల బ్యాంకు ఉంది కదా అని ఎవరైనా అంటే, అవి నెలలు నిండని, జబ్బుపడ్డ పసికందుల కోసం. మీ బాబుకు వాటి అవసరం లేదు.

అక్కడ కుదరకపోతే కన్సల్టెంట్‌ని పిలవండి, అది దండగ కాదు. కానీ మూడు విజిట్లకు ఒకేసారి కట్టొద్దు, ఒక్కదానికే కట్టండి. ఐబీసీఎల్‌సీ అర్హత ఉందా అని నేరుగా అడగండి. అది అంతర్జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునేది, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పేరు నిజంగా ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. వచ్చినావిడ బాబు తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి వదిలేదాకా పక్కన కూర్చుని చూడాలి, బాబు నాలుక కింద పొర బిగుసుకుని ఉందేమో కూడా చూడాలి. అది నా దృష్టిలో సర్టిఫికెట్ కన్నా ముఖ్యం. పది నిమిషాలు మాట్లాడి, పాలు పిండే పంపు, పాల పౌడరు కొనమంటే రెండోసారి పిలవకండి. పాల డబ్బా కంపెనీలు ఆరోగ్య సిబ్బందికి కానుకలు, కమీషన్లు ఇవ్వకూడదని 1992 నాటి చట్టమే ఉంది.

ఆవిడ వచ్చినప్పుడు అత్తయ్యగారిని కూడా పక్కన కూర్చోమనండి. మనవడు గుటకలు వేస్తున్న చప్పుడు ఆవిడ చెవిన పడితే ఇంట్లో సగం వాదన తగ్గుతుంది.

మూడు రోజులాగి అదే తూకం మీద, బట్టలు లేకుండా బాబుని తూచండి. ఈలోగా మీకు జ్వరం వచ్చినా, రొమ్ములో ఒకచోట ఎర్రగా, గట్టిగా, వేడిగా ఉన్నా, బాబు పాలకు లేవకుండా మగతగా పడుకున్నా, రోజుకు ఆరుసార్ల కన్నా తక్కువ ఒంటికి పోసినా కన్సల్టెంట్ కోసం ఎదురుచూడకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.