ఆకాశం కనిపిస్తేనే మెసేజ్ కదిలేది

ప్రశ్న: సిగ్నల్ లేని చోట కూడా నా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్‌లో నేనెక్కడున్నానో చూపిస్తుంది. అంటే శాటిలైట్‌తో ఇప్పటికే మాట్లాడుతున్నట్టే కదా! మరి ఒక్క మెసేజ్ పంపడానికి కొత్త ఫోన్ కొనమంటారేంటి? ఇదంతా అమ్ముకోవడానికి వేసే ఎత్తు కాదా?

జవాబు: మీ అనుమానం మంచిదే, ఫోన్ల ప్రకటనలు చూస్తే నాకూ చాలాసార్లు అలాగే అనిపిస్తుంది. కానీ ఇక్కడ మాత్రం అది నిజం కాదు. జీపీఎస్‌లో మీ ఫోన్ మాట్లాడదు, వింటుంది. అంతే. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ శాటిలైట్లు తామెక్కడున్నాయో, టైమ్ ఎంతో చెప్పుకుంటూ పోతాయి, మీ ఫోన్ నాలుగైదింటి మాటలు విని లెక్కకట్టుకుంటుంది. అసలు మీ ఫోన్ అంటూ ఒకటి ఉందని కూడా వాటికి తెలియదు. రేడియో వింటున్నంత మాత్రాన స్టేషన్‌లో వాళ్లకి మన గొంతు వినపడదు కదా, ఇదీ అంతే.

మెసేజ్ పంపాలంటే మన ఫోనే కేక పెట్టాలి. దాని బలమేమో మహా అయితే వాట్‌లో ఐదో వంతు. టవర్ అయితే కొద్ది కిలోమీటర్లలో ఉంటుంది కాబట్టి సరిపోతుంది, శాటిలైట్ వందల కిలోమీటర్ల పైన, అదీ గంటకు సుమారు 27,000 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతూ ఉంటుంది. దూసుకొచ్చే రైలు కూత దగ్గరికొస్తుంటే ఒకలా, దాటిపోయాక ఇంకోలా వినిపిస్తుంది చూడండి, ఆ వేగానికి రేడియో తరంగం కూడా అలాగే మారిపోతుంది. దాన్ని ఎవరో ఒకరు సరిచేసుకోవాలి. 2022 నవంబర్‌లో ఐఫోన్ 14తో మొదలైన శాటిలైట్ ఎమర్జెన్సీ సర్వీసులో ఆ బరువులో చాలా భాగం ఫోన్ మీదే పడింది. దానికి వాడే గ్లోబల్‌స్టార్ కంపెనీ శాటిలైట్లు సుమారు 1,400 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, అందుకే స్క్రీన్ మీద ‘కాస్త ఎడమకి తిప్పండి, కుడికి తిప్పండి’ అని మనల్ని ఆడిస్తుంది.

దీనికి రెండో దారి కూడా ఉంది. ఫోన్‌ని మార్చకుండా శాటిలైట్‌నే టవర్‌లా మార్చేయడం. ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ అనే కంపెనీ వాళ్లు 2022లో పంపిన బ్లూవాకర్ 3 శాటిలైట్ యాంటెన్నా 64 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న ఇంటి డాబా అంత! స్టార్‌లింక్ కూడా ఇదే పనికి కొన్ని శాటిలైట్లని కిందికి, సుమారు 360 కిలోమీటర్ల ఎత్తున తిప్పుతోంది, అమెరికాలో టీ-మొబైల్ అనే సిమ్ కంపెనీ వాటితోనే 2025 జులైలో సర్వీసు మొదలుపెట్టింది. ఈ పద్ధతిలో ఇప్పుడున్న 4జీ ఫోన్లు చాలావరకు పనికొస్తాయి. కాబట్టి ఫోన్ కొనే ముందు మీ సిమ్ కంపెనీకి ఇలాంటి ఒప్పందం ఏదైనా ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: ఫోన్‌లో ఆర్‌సీఎస్ ఆన్ చేసుకున్నాను. ఇక శాటిలైట్ మెసేజ్ వచ్చేసినట్టేనా?

జవాబు: లేదు. చాలామంది కలిపేస్తున్న రెండు విషయాలివి. ఆర్‌సీఎస్ అనేది మెసేజ్ ఎలా ఉండాలో చెప్పే పద్ధతి, ఎస్ఎంఎస్ తర్వాతి తరం. మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ 2016లో దానికి అందరికీ ఒకే ప్రొఫైల్, అంటే ఒకే నియమావళి తెచ్చింది, యాపిల్ మాత్రం 2024లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 దాకా దిగిరాలేదు. శాటిలైట్ అనేది ఆ మెసేజ్ వెళ్లే దారి. అన్ని బండ్లూ అన్ని దారుల్లో పోవు కదా! ఆర్‌సీఎస్‌కి ఇంటర్నెట్ కావాలి, సన్నటి శాటిలైట్ లింకులో అది దొరకడం కష్టం. ఐఓఎస్ 18లో శాటిలైట్ మీద వెళ్లేవి ఐమెసేజ్ (యాపిల్ సొంత మెసేజ్ పద్ధతి), ఎస్ఎంఎస్ మాత్రమే. ఐమెసేజ్‌కి మధ్యలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటుంది, ఎస్ఎంఎస్‌కి ఉండదు, బ్యాంకు వివరాల్లాంటివి అందులో రాయకండి.

దారికి కూడా స్టాండర్డ్ ఉందండోయ్. మొబైల్ నెట్‌వర్క్‌ల స్టాండర్డ్‌లు రాసే 3జీపీపీ వాళ్లు 2022లో ఖరారు చేసిన రిలీజ్ 17లో శాటిలైట్‌ని మొబైల్ నెట్‌వర్క్‌లో భాగం చేశారు. అంతకుముందు ఎవరి గోల వాళ్లది. ఫోన్ చిప్‌లు చేసే క్వాల్‌కామ్, శాటిలైట్ కంపెనీ ఇరిడియం కలిసి 2023 జనవరిలో ఆర్భాటంగా ప్రకటించిన సర్వీసు అదే ఏడాది నవంబర్‌కల్లా మొదలవకుండానే ఆగిపోయింది, ఫోన్ కంపెనీలేవీ దాన్ని పెట్టుకోలేదు మరి. అందరికీ పనికొచ్చే స్టాండర్డ్ వస్తుంటే ఒక్కరి పద్ధతికి ఎవరు కట్టుబడతారు! 2024లో గూగుల్ ఫోన్ పిక్సెల్ 9కి శాటిలైట్ సర్వీసు స్కైలో అనే కంపెనీ ద్వారా రిలీజ్ 17 దారిలోనే వచ్చింది.

ప్రశ్న: తెలుగులో పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు, కానీ ఎస్ఎంఎస్ అయితే జాగ్రత్త. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషుకి 160 అక్షరాలు, తెలుగుకి 70. ఆ 70 కూడా మన కంటికి కనిపించే అక్షరాలు కావు, గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్క. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, ఫోన్‌కి ఆరు! 70 దాటితే ముక్కలవుతుంది, ముక్కకి 67. ఇంగ్లీషులో రాసినా సరే, చివర్లో ఒక్క ఎమోజీ పెట్టారంటే మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి వచ్చేస్తుంది. యాపిల్ చెప్పేదాని ప్రకారం ఆకాశం బాగా కనిపించే చోట ఒక మెసేజ్ వెళ్లడానికి కొన్ని సెకన్లు, చెట్ల కింద అయితే నిమిషం పైనే పట్టొచ్చు. అందుకని ఆపదలో ఉన్నప్పుడు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేయండి, భాషాభిమానం కొండ దిగాక చూపించుకోవచ్చు.

ప్రశ్న: బెడ్‌రూమ్‌లో ట్రై చేశాను, పని చేయలేదు.

జవాబు: చేయదు. బయటికి రండి.

ప్రశ్న: మా అబ్బాయి పది రోజులు ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాడు, ఐఫోన్ ఉంది. మేం పంపే మెసేజ్‌లు వాడికి ఎప్పటికప్పుడు అందుతాయా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎప్పటికప్పుడు అందవమ్మా. వాడు ఆగి, ఫోన్ తీసి, ఆకాశం వైపు చూపించి కనెక్ట్ అయితేనే మీ మెసేజ్ దిగుతుంది. అందులోనూ ఎస్ఎంఎస్ అయితే ముందు వాడు మీకు పంపాలి, లేదా మీ నంబర్ ఎమర్జెన్సీ కాంటాక్టుల్లోనో ఫ్యామిలీ షేరింగ్‌లోనో ఉండాలి. అది బయల్దేరే ముందే పెట్టించండి. వెళ్లే దేశంలో ఈ సర్వీసుకి అనుమతి ఉందో లేదో కూడా చూడమనండి, అన్ని చోట్లా లేదు. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ కింద డెమో ఉంటుంది, ఒకసారి ఇంటి బయట నిలబడి చేసి చూస్తే అక్కడ చేతులు వణకవు. రోజూ సాయంత్రం గుడారం వేశాక ఒక్క మెసేజ్ పెడతానని వాడి దగ్గర మాట తీసుకోండి, మధ్యాహ్నం మీరు పెట్టిన ‘తిన్నావా’కి జవాబు కూడా అప్పుడే వస్తుంది.