క్వియర్ నవలల్లో మనుషులు ఒకరినొకరు ఎందుకంత బాధపెట్టుకుంటారు?

విశాఖ నుంచి మీరడిగింది మంచి ప్రశ్న: క్వియర్ జీవితాల (అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు వంటివారి జీవితాల) మీద సానుభూతితో రాసేవాళ్లే ఆ పాత్రలతో అబద్ధాలాడించి, ఇంట్లో గొడవలు పెట్టించి, ప్రేమలు చెడగొడతారెందుకు?

సానుభూతి ఉంది కాబట్టే అనుకుంటాను. మచ్చలేని పాత్రను సమాజాన్ని ఒప్పించడానికి రాస్తారు. తప్పు చేసే పాత్రకే మనిషిగా బతికే చోటు దొరుకుతుంది.

సచిన్ కుండల్కర్ మరాఠీ నవల ‘కోబాల్ట్ బ్లూ’ చూడండి. జెర్రీ పింటో ఇంగ్లీషు అనువాదం 2013లో వచ్చింది. పుణెలో ఒకే ఇంట్లోని తోబుట్టువులు తనయ్, అనుజ ఇద్దరూ తమ ఇంట్లో అద్దెకు దిగిన కుర్రాడినే ప్రేమిస్తారు. మొదటి భాగం తనయ్ గొంతు, రెండోది అనుజ డైరీ. ఆమె అతనితో వెళ్లిపోతే ఇల్లంతా అల్లకల్లోలం. తనయ్ దుఃఖాన్ని మాత్రం గమనించేవారే ఉండరు. నాకు ఆ నవలలో అన్నిటికంటే క్రూరమైనది ఆ నిశ్శబ్దమే.

అలాంటి ఇల్లు మన విశాఖ ఎంవీపీ కాలనీలోనూ ఉండొచ్చు. ‘సంబంధాలు చూస్తున్నాం’ అని అమ్మ ప్రేమగా అన్న మాటకే కొడుకు అబద్ధం మొదలవుతుంది. అందులో దుర్మార్గులెవరూ లేరు.

చట్టం సంగతీ గుర్తుంచుకోండి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపడ్డ వయోజనుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదంది. 2023 అక్టోబరు 17న ఆ జంటల పెళ్లికి మాత్రం గుర్తింపు ఇవ్వలేదు. ఇంట్లోవాళ్లకు పరిచయం చేసే వరస లేని బంధంలో చిక్కులు ఎక్కువే ఉంటాయి.

కాబట్టి ఎవరు మంచివాళ్లని తేల్చే ముందు, నిజం చెప్పే వీలు ఎవరికుందో చూస్తూ చదవండి. ‘కోబాల్ట్ బ్లూ’ను రెండోసారి అనుజ డైరీతో మొదలుపెట్టండి. పక్కనే ఉన్న తనయ్‌లో ఆమెకు ఏం కనిపించలేదో తెలుస్తుంది.