సంగమేశ్వరం దగ్గర ఆగిపోతున్న పడవ మోటారుకు
అన్నా, మీ పాత రెండు సిలిండర్ల పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును తెంచే చిన్న కాంటాక్టులు) మోటారు వేడెక్కాక ఆగిపోతోందని, ప్లగ్గులు మార్చినా లాభం లేదని రాశారు. కార్బురేటర్ జోలికి ఇప్పుడే పోవద్దు. ఆగిన వెంటనే, చల్లారకముందే రెండు ప్లగ్గులకూ స్పార్క్ చూడండి.

రెండింటికీ లేకపోతే మోటారును ఆపే స్టాప్ స్విచ్ వైరు ఊడదీసి మళ్లీ చూడండి. స్పార్క్ వస్తే స్విచ్ షార్ట్ అయినట్టే. చూశాక, స్విచ్ పోయి ఉంటే మార్చి, వైరు తప్పకుండా తగిలించండి, అది లేకుండా శ్రీశైలం బ్యాక్ వాటర్‌లోకి పోవడం ప్రాణాలతో చెలగాటం.

ఒక్కదానికే లేకపోతే ఫ్లైవీల్ (మోటారు పైనుండే బరువైన చక్రం) విప్పి కాయిల్స్ (స్పార్క్‌కు కరెంటు ఇచ్చే తీగచుట్టలు) అటూఇటూ మార్చండి. లోపం కూడా రెండో సిలిండర్‌కు మారితే కాయిలే పోయింది. పాతవి వేడికి తెగడం మామూలే. మారకపోతే పాయింట్లు, అవి కాలిపోకుండా కాపాడే కండెన్సర్ చూడాలి. ఇలాంటి చాలా మోటార్లలో పాయింట్ల గ్యాప్ సుమారు 0.5 మిల్లీమీటర్లు.