ఎమ్ఐటీ గ్రీన్ బిల్డింగ్ తలుపులు గాలికి ఎందుకు తెరుచుకునేవి కావు?

అమెరికాలోని ఎమ్ఐటీ క్యాంపస్‌లో గ్రీన్ బిల్డింగ్ కట్టిన కొత్తలో గాలికి తలుపులు తెరుచుకోక జనం ఇబ్బంది పడ్డారంటారు. అది నిజమే.

భూమి, వాతావరణ శాస్త్రాల కోసం కట్టిన ఈ భవనం 1964లో పూర్తయింది. ఆర్కిటెక్ట్ ఐ.ఎమ్. పే. చుట్టూ పొట్టి భవనాలు, మధ్యలో పలకలా నిలబడ్డ 21 అంతస్తులు, దగ్గర్లోనే చార్లెస్ నది. నది మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చే గాలి ఆ గోడకు కొట్టుకుని, కొంత కిందికి మళ్లుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి జోరు ఎక్కువ కదా, ఆ జోరే నేలకు దిగుతుందన్నమాట. వెనకవైపు పీడనం తక్కువ కాబట్టి గాలి అటువైపు పరుగెడుతుంది. పైగా భవనాన్ని స్తంభాల మీద లేపి కింద ఖాళీ వదిలారు. గాలంతా అందులోంచి దూసుకుపోయేది. ఎంట్రన్స్ ఉండేదీ అక్కడే!

మామూలు తలుపుకి కీళ్లు ఒక పక్కనే కాబట్టి, దాని మీద పడే ఒత్తిడినంతా మనమే తోయాలి. తర్వాత రివాల్వింగ్ డోర్లు, అంటే గుండ్రంగా తిరిగే తలుపులు పెట్టారు. వాటి ఇరుసు మధ్యలో ఉంటుంది. ఇరుసుకు అటూ ఇటూ ఉన్న రెక్కల మీద ఒత్తిడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, తోయడం తేలిక.

భవనం ముందున్న, శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన ఉక్కు శిల్పం 'బిగ్ సెయిల్'ని గాలిని ఆపడానికే పెట్టారన్నది మాత్రం ఉత్త పుకారు.