ఆర్నెల్లు ఆగమంటున్నారు, వీసా ఆగదు

ప్రశ్న: మేడమ్, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 31 ఏళ్లు. మావారు భీమవరంలో రొయ్యల ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం నామినేట్ చేయడంతో మా ఇద్దరికీ, నాలుగేళ్ల బాబుకీ పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) వచ్చింది. అక్టోబరు 18లోపు అక్కడ దిగాలని కాగితంలో ఉంది. మామయ్యగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. "ముందు వాడు వెళ్లి కుదురుకోనీ, ఆర్నెల్లాగి నువ్వూ పిల్లాడూ వెళ్దురుగాని. మీ మామయ్య కువైట్‌లో ఉంటే నేను పదకొండేళ్లు ఉండలేదా?" అంటున్నారు. మావారు అటూ ఇటూ తేల్చకుండా "చూద్దాం" అంటున్నారు. కెనడాలోనే టొరంటో పక్కన, వేరే రాష్ట్రంలోని బ్రాంప్టన్‌లో ఉన్న మా అన్నయ్యేమో "ఆ చలి ఊళ్లో మీకెవరున్నారు? ఎయిర్‌పోర్టులో సస్కాచెవాన్‌లోని సస్కటూన్‌కి వెళ్తున్నామని చెప్పేసి మా ఇంటికొచ్చేయండి" అంటాడు. బావగారింట్లో పడి ఉండనని మావారి పట్టుదల. నాకు అన్నయ్య దగ్గరైతే ధైర్యం. అత్తయ్యగారిని వదిలి వెళ్తే ఊళ్లో నలుగురూ నన్నే అంటారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ తేదీ సంగతి చూద్దాం. మీ ఇంట్లో ఇన్ని మాటలు నడుస్తున్నాయి గానీ, దాన్ని ఎవరూ సరిగ్గా చదివినట్టు లేదు. ఆ గడువు మీవారికే కాదు, మీకూ బాబుకీ కూడా వర్తిస్తుంది. మెడికల్ పరీక్ష ఏడాది పాటే చెల్లుతుంది. మామూలుగా ఆ ఏడాది పూర్తయ్యే రోజు, పాస్‌పోర్టు గడువు తీరే రోజు, ఈ రెండింట్లో ఏది ముందొస్తే అదే వీసాకీ గడువు. దాన్ని పొడిగించరు. ప్రధాన దరఖాస్తుదారు కాబట్టి ఆయన మీకంటే ముందు వెళ్లొచ్చు, మీరు మాత్రం ఆయనకంటే ముందు వెళ్లకూడదు. ఆయన సెప్టెంబరులో వెళ్లి, మీరు అత్తయ్యగారు చెప్పినట్టు మార్చిలో బయల్దేరితే మీ చేతిలో ఉండేది చెల్లని కాగితం. అప్పుడాయన మిమ్మల్ని భార్యగా, బాబుని కొడుకుగా మళ్లీ స్పాన్సర్ చేసుకోవాలి. కొత్త దరఖాస్తు, కొత్త ఫీజులు, మళ్లీ మెడికల్, అదెప్పటికి తేలుతుందో తెలియని ఎదురుచూపు. అత్తయ్యగారు అడిగిన ఆర్నెల్లు ఎక్కడికి పోతాయో చూశారుగా.

ఆవిడది చెడ్డ ఆలోచన అని నేననను. ఆవిడ కువైట్ లెక్క వేస్తున్నారు. కోనసీమలో గల్ఫ్ వీసా అంటే ఒక్కరే వెళ్లడం, రెండేళ్లకోసారి సెలవు మీద రావడం, ఇల్లాలు ఇక్కడ పిల్లల్నీ కొబ్బరి తోటనీ చూసుకోవడం. అక్కడి వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, జీతం తక్కువైతే కుటుంబాన్ని రానివ్వరు. అందుకని అలా బతికారు. గతిలేక చేసిన ఏర్పాటు మెల్లగా ఇంటి పద్ధతైపోయింది. మీ చేతికొచ్చింది మరో రకం కాగితం, మొదటి రోజు నుంచే ముగ్గురూ కలిసి ఉండటానికిచ్చింది. ఆవిడ మాటలో ఇంకోటి కూడా ఉందని నా అనుమానం. కోడలూ మనవడూ ఇక్కడుంటే కొడుకు తప్పకుండా తిరిగొస్తాడు, అందరూ వెళ్లిపోతే ఇక రాడు. ఆ భయం పైకి చెప్పుకోలేక "నేనుండలేదా" అంటున్నారు. పదకొండేళ్లు ఎలా ఉన్నారో ఒక పూట కూర్చుని ఆవిణ్ని అడగండి. వాదించడానికి కాదు, వినడానికి. ఇప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరైనా అడిగారో లేదో!

అయితే తేదీ సంగతి ఆవిడకి చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. మీరు చెబితే అది కోడలి తొందరగా కనిపిస్తుంది. ఆయన "చూద్దాం" అన్నన్నాళ్లూ చెడ్డపేరు మీ ఖాతాలో పడుతూనే ఉంటుంది. కాగితం తల్లి చేతిలో పెట్టి, గడువు చదివి వినిపించి, "అమ్మా, ముగ్గురం వెళ్తున్నాం" అని ఆయన నోటితోనే అనాలి. ఊళ్లో వాళ్ల మాటలంటారా, మీరు వెళ్లినా అంటారు, వీసా పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నా అంటారు.

ఇక అన్నయ్య సలహా. మీమీద ప్రేమతోనే అన్నాడు గానీ అందులో అబద్ధం ఉంది. అది కెనడా గడ్డ మీద మీరాడే మొదటి మాట అవుతుంది. పీఆర్ వచ్చినవాళ్లు ఏ రాష్ట్రానికైనా మారి బతకొచ్చన్నది నిజమే. 1982 నాటి కెనడా హక్కుల చార్టర్‌లో 6వ సెక్షన్ ఆ స్వేచ్ఛ ఇస్తోంది. కానీ సస్కాచెవాన్ మిమ్మల్ని నామినేట్ చేసింది అక్కడ స్థిరపడతామని మీరు చెప్పినందుకే. పాయింట్లు చూసి ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో వెళ్లుంటే ఆ నామినేషన్ ఒక్కటే 600 పాయింట్లు. దిగేటప్పుడు అధికారి "ఎక్కడుంటారు?" అని అడగొచ్చు. మనసులో బ్రాంప్టన్ పెట్టుకుని సస్కటూన్ అంటే తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. రుజువైతే పీఆర్ పోవడం, అయిదేళ్లు దేశంలోకి రానివ్వకపోవడం దాకా వెళ్తుంది. ఒక ఏడాది మనస్ఫూర్తిగా ప్రయత్నించి, ఉద్యోగం దొరక్క ఊరు మారడం వేరు. దిగకముందే మోసానికి సిద్ధపడటం వేరు.

టొరంటోలో విమానం మారడంలో తప్పేం లేదు. పీఆర్ లాంఛనాలు మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే పూర్తవుతాయి, అక్కణ్నుంచి సస్కటూన్ విమానం ఎక్కుతారు. ఆ రెండింటి మధ్య నాలుగైదు గంటలైనా ఉండేలా చూసుకోండి, క్యూలో పిల్లాడితో నిలబడాలి. 10,000 కెనడియన్ డాలర్లు, అంతకుపైన డబ్బు ఉంటే చెప్పాలి. నగలకి ఫొటోలు, విలువలతో జాబితా రాసుకెళ్లండి. వెనక పంపించుకునే సామాను ఉంటే దానికీ వేరే జాబితా అప్పుడే ఇవ్వాలి. పచ్చళ్లూ పూతరేకులూ దాచకుండా కస్టమ్స్ డిక్లరేషన్‌లో చూపించండి.

మీవారి పట్టుదల గురించి ఒక మాట. సగం అహమే అయినా, మిగతా సగం నాకు సబబుగానే తోస్తోంది. కొత్త దేశంలో మొదటి ఏడాది ఉద్యోగం లేని మగవాడు బావగారి బేస్‌మెంట్‌లో కూర్చుంటే, ప్రతి పూటా అన్నం దగ్గర మీరు ఇద్దరి మధ్యా నలుగుతారు. పైగా సస్కటూన్‌లో ఇంటి అద్దె బ్రాంప్టన్ కంటే బాగా తక్కువ. అన్నయ్యని దూరం చేసుకోమనడం లేదు. మొదటి పది రోజులు సెలవు పెట్టి సస్కటూన్‌కే రమ్మని అడగండి. ఇల్లు వెతకడంలో, చలి బట్టలు కొనడంలో ఆయన సాయం నిజంగా పనికొస్తుంది.

మీకు ఒంటరితనం ఉంటుంది. దాన్ని తగ్గించి చెప్పను. జనవరిలో మైనస్ 30 దాకా పడిపోయే రోజులుంటాయి, వాకిట్లో నిలబడి పక్కింటావిడతో మాట్లాడే వీలుండదు. మంచు పడకముందే, సెప్టెంబరులోనే వెళ్లండి, బస్సు దారులు తెలుస్తాయి. పీఆర్ ఉన్నవాళ్లకి ఇంగ్లిష్ తరగతులు ఉచితం, కొన్నిచోట్ల ఆ కాసేపూ పిల్లల్నీ చూసుకుంటారు. సస్కటూన్ ఓపెన్ డోర్ సొసైటీ కొత్తగా వచ్చినవాళ్ల కోసమే పనిచేస్తుంది, మొదటి వారంలోనే వెళ్లి పేరు రాయించుకోండి. డ్రైవింగ్ మీరూ నేర్చుకోండి, ఆయన ఒక్కరే నేర్చుకుంటే మీరు ఇంట్లోనే ఉండిపోతారు.

అత్తయ్యగారి ఏర్పాట్లు మాత్రం బయల్దేరకముందే తేలాలి. వరద వస్తే ఆవిణ్ని ఎవరు తీసుకెళ్తారు, ఎవరింటికి? కొబ్బరి దింపు ఎవరు చూస్తారు, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? తోట కౌలుకిస్తే కాగితం ఆవిడ పేరునే ఉండాలి. మీ ఆడపడుచు ఉంటే ఆమెనీ కూర్చోబెట్టి మాట్లాడండి, అన్నీ ఆమె నెత్తిన వేయకండి. సస్కాచెవాన్‌లో చాలా చోట్ల గడియారాలు ఏడాదంతా మార్చరు. అక్కడ రాత్రి ఏడైతే రాజోల్లో తెల్లవారి ఆరున్నర, ఎప్పుడైనా అంతే. ఆవిడ కాఫీ తాగే వేళకి బాబు ఫోన్ చేస్తాడని మాటిచ్చి, తప్పకండి. పీఆర్ ఉన్నవాళ్ల తల్లిదండ్రులకి సూపర్ వీసా ఉంది, ఒకసారి వస్తే అయిదేళ్ల దాకా ఉండొచ్చు. మీవారి ఆదాయం, ఆవిడ ఆరోగ్య బీమా చూస్తారు కాబట్టి మొదటి ఏడాదే కుదరకపోవచ్చు. కుదిరాకే తారీకు చెప్పండి.

ఇంత చెప్పినా ఆవిడ ఒప్పుకోకపోతే ఇంకో దారుంది, నాకంత ఇష్టం లేనిది. ముగ్గురూ గడువులోపు వెళ్లి, పీఆర్ కార్డులు పోస్టులో చేతికొచ్చేదాకా ఉండి, తర్వాత మీరూ బాబూ కొన్ని నెలలు ఇక్కడికి రావచ్చు. అయిదేళ్లలో 730 రోజులు అక్కడుంటే పీఆర్ నిలుస్తుంది. కార్డు లేకుండా వచ్చేస్తే మాత్రం తిరుగు విమానం ఎక్కడానికి వేరే పత్రం కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఏ దారి పట్టినా వెళ్లేటప్పటి టికెట్లు ముగ్గురికీ ఒకే బుకింగ్‌లో తీయమనండి, ఈ వారంలోనే.