‘కనబడడం లేదు’ – ఎవరికి?

సందేహం: మాస్టారూ, మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళు కొందరు పాత పాటల కోసం నెట్‌వర్క్ మ్యూజిక్ స్ట్రీమర్లు (వైఫై మీద పాటలు తెచ్చి వినిపించే పెట్టెలు) కొనుక్కున్నారు. వైఫైతో పేచీ వచ్చినప్పుడు రూటర్ సెట్టింగుల్లో ఏం చూసుకోవాలో వాళ్ళకోసం తెలుగులో రెండు పేజీలు రాస్తున్నాను. ‘రూటర్’ అనాలా, ‘రౌటర్’ అనాలా, ‘మార్గదర్శిని’ అంటే బాగుంటుందా? ‘కలవడం లేదు, కనబడడం లేదు, అందడం లేదు, తెగిపోతోంది’ – వీటిలో ఒకటి ఎంచుకుని అంతటా అదే వాడితే చాలా? రీస్టార్ట్, రీసెట్ రెండింటికీ ‘పునఃప్రారంభించండి’ అని రాశాను. ‘ఫర్‌గెట్ నెట్‌వర్క్’ను ‘నెట్‌వర్క్‌ను మరచిపోండి’ అన్నాను. సరేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందు ‘పునఃప్రారంభించండి’ సంగతి చూద్దాం. అక్కడ మాట తప్పితే ఇల్లంతా నెట్ పోతుంది. రీస్టార్ట్ అంటే కరెంటు తీసి మళ్ళీ ఇవ్వడం. సెట్టింగులు ఎక్కడివక్కడే ఉంటాయి. రీసెట్ అంటే రూటర్ వెనకున్న సన్నని రంధ్రంలో పిన్ను పెట్టి ఓ 10 సెకన్లు నొక్కి పట్టుకోవడం. దాంతో వైఫై పేరు, పాస్‌వర్డ్, చాలా ఫైబర్ కనెక్షన్లలో కంపెనీ వాళ్ళు ఎక్కించిపెట్టిన యూజర్ పేరు కూడా చెరిగిపోతాయి. మళ్ళీ మనిషి వచ్చి ఎక్కించేదాకా ఇంట్లో నెట్ ఉండదు. రెండింటికీ ఒకే సంస్కృత పదం పెడితే, డెబ్బై ఏళ్ళ పెద్దాయన పిన్ను తీసుకుని కూర్చుంటారు. మొదటిదానికి ‘ఆపి, 30 సెకన్లు ఆగి, మళ్ళీ ఆన్ చేయండి’ అని రాయండి. రెండోదాన్ని ‘రీసెట్’ అనే ఉంచి, పక్కనే ‘సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, నొక్కవద్దు’ అని చేర్చండి.

‘మరచిపోండి’ కూడా మార్చాలి. తెలుగులో మరచిపోవడం మన ప్రయత్నం లేకుండా జరిగేది. దాన్నే ఆజ్ఞగా అంటే అర్థం మారిపోతుంది. ‘ఆ డబ్బు మరచిపో’ అంటే ఇక రాదు, ఆశ వదులుకో అని. కాబట్టి ‘ఈ నెట్‌వర్క్‌ను మరచిపోండి’ అని చదివినవాళ్ళు ఇక ఈ వైఫై పనిచేయదు కాబోలు అనుకుంటారు. అక్కడ జరిగేదల్లా స్ట్రీమర్ దాచుకున్న పేరు, పాస్‌వర్డ్ తీసేసి కొత్తగా కొట్టడమే. ‘తీసేయండి’ చాలు. మన వైపు పల్లెల్లో ‘ఒగ్గేయండి’ అంటారు. నాకు ప్రాణమైన మాట. కానీ మీ అపార్ట్‌మెంట్‌లో గోదావరి నుంచి, సీమ నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు గదా.

ఇక అసలు ప్రశ్న. ఆ నాలుగు క్రియల్లో ఒకటే ఎంచుకోకండి. అవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్కటి ఒక్కో లోపం పేరు. వాటిని కలిపేస్తే చదివేవాళ్ళు తమ జబ్బుకి కాక పక్కవాళ్ళ జబ్బుకి మందు వేసుకుంటారు.

‘కనబడు’కి చూసేది ఎవరో చెప్పాలి. ‘నాకు కొండ కనబడుతోంది’ అన్న వాక్యంలో కర్త కొండ. చూసేవాడు మాత్రం ‘నాకు’లో, ఆ ‘కు’ విభక్తిలో ఉన్నాడు. ఆ ‘కు’ లేకుండా ‘కనబడడం లేదు’ అంటే సగం మాటే అయింది. స్ట్రీమర్ విషయంలో ఆ మిగతా సగంలోనే కిటుకంతా ఉంది.

‘స్ట్రీమర్‌కి వైఫై పేరు కనబడడం లేదు’ అన్నారనుకోండి. అప్పుడు చూడాల్సింది రేడియో తరంగాల సంగతి. వైఫై మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండుల్లో వస్తుంది. పాత స్ట్రీమర్లు కొన్నింటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ తెలియదు. రూటర్‌లో 2.4 ఆపేసి ఉంటే వాటికి పేరే దొరకదు. మరో కారణం ఛానెల్, అంటే 2.4 బ్యాండులో రూటర్ ఎంచుకునే గీటు నంబరు. ‘ఆటో’లో పెట్టిన రూటర్ 12 గానీ 13 గానీ పట్టుకుంటే, అమెరికా కోసం తయారైన పెట్టెలు అటు చూడనే చూడవు. 1, 6, 11లో ఒకటి చేత్తో పెట్టేయడం మేలు.

‘ఫోన్‌కి స్ట్రీమర్ కనబడడం లేదు’ అంటే కథ పూర్తిగా వేరు. రెండూ వైఫైలోనే ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురుపడడం లేదు. ముందుగా రెండింటి ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే అంకెల చిరునామాలు) చూడమనండి. ఇళ్ళలో మామూలుగా మొదటి మూడు అంకెల గుంపులు ఒకటే కావాలి. ఒకటి 192.168.1.తోనూ మరొకటి 192.168.0.తోనూ మొదలైతే ఇంట్లో రెండు రూటర్లు పనిచేస్తున్నట్టే. ఫైబర్ పెట్టె ఒకటి, మీరు కొన్నది ఒకటి. కొన్నదాన్ని ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి మారిస్తే రెండూ ఒకే ఇల్లవుతాయి. అంకెలు సరిపోయినా కనబడకపోతే ఫోన్ గానీ స్ట్రీమర్ గానీ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో చూడాలి. గెస్ట్ నెట్‌వర్క్ సాధారణంగా అతిథులకు నెట్ ఇస్తుంది, ఇంట్లో పరికరాలను చూడనివ్వదు. అదీ కాకపోతే వైఫై అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ‘ఏపీ ఐసొలేషన్’ (పరికరాలను ఒకదానికొకటి కనబడనివ్వని సెట్టింగు) ఆపాలి. ‘ఐజీఎంపీ స్నూపింగ్’ ఉంటే దాన్నొకసారి మార్చి చూడాలి. స్ట్రీమర్ ‘నేనిక్కడున్నాను’ అని అందరికీ కలిపి వేసే కేకను కొన్ని రూటర్లు ఆ సెట్టింగు వల్ల ఫోన్ దాకా రానివ్వవు. ఫోన్‌లో వీపీఎన్ (నెట్‌ను వేరే దారిలో మళ్ళించే యాప్) నడుస్తుంటే అదీ ఆపమనండి.

‘కలవడం లేదు’ అనే మాటను పేరు కనబడి, పాస్‌వర్డ్ కొట్టాక కూడా లోపలికి రానివ్వని సందర్భానికే ఉంచండి. సాధారణంగా ఇది భద్రత సెట్టింగు గొడవ. కొత్త రూటర్లు కొన్ని ‘డబ్ల్యూపీఏ3’ అనే కొత్త భద్రతా పద్ధతి మీద ఉంటాయి, పాత స్ట్రీమర్లకి అది రాదు. ‘డబ్ల్యూపీఏ2, ఏఈఎస్’కు మారిస్తే కలుస్తాయి. ‘కలుపు’తో జాగ్రత్త: ‘స్ట్రీమర్ కలవలేదు’ యంత్రం సంగతి, ‘స్ట్రీమర్ కలపలేదు’ మనిషి సంగతి. ఆగు–ఆపు, మారు–మార్చు, తెగు–తెంపు అన్నీ ఈ జతలే. సూచనల్లో మనిషి చేయాల్సిన చోట సకర్మకం, పెట్టె దానంతటది చేసే చోట అకర్మకం రాస్తే పెద్దవాళ్ళకి తమ పనేదో తేలిగ్గా తెలుస్తుంది.

‘అందడం లేదు’ను ఐపీ అడ్రసుకు కేటాయించండి. ఇచ్చేది రూటర్, అందుకునేది స్ట్రీమర్. కరెంటు పోయి వచ్చాక రూటర్ తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. స్ట్రీమర్ అంతకుముందే లేచి అడుగుతుంది, ఇచ్చేవాడు ఉండడు. అప్పుడు తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకుని కూర్చుంటుంది. తెర మీద ఆ అంకె కనబడితే రూటర్‌ను ముట్టుకోనక్కర్లేదు, స్ట్రీమర్‌ను ఒక్కదాన్నే ఆపి ఆన్ చేస్తే చాలు. అడ్రసు మారినప్పుడల్లా యాప్ దాన్ని పోగొట్టుకుంటుంటే రూటర్‌లో ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పేజీలో ‘రిజర్వేషన్’ దగ్గర స్ట్రీమర్ మ్యాక్ అడ్రసు (తయారీలోనే దానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) కొట్టి, ఒక ఐపీ ఖాయం చేయాలి. రిజర్వేషన్ మనకు రైలు వల్ల ఇంటిమాటే, అనువదించకండి.

‘పాట తెగుతోంది’ అంటే సిగ్నల్ బలహీనం. నెట్ ప్లాన్ పెంచుకోమని మాత్రం రాయకండి. సీడీ నాణ్యత పాటకు సెకనుకు 1.4 మెగాబిట్లు, 24 బిట్ల 192 కిలోహెర్ట్జ్ పాటకైనా 9 మెగాబిట్ల పైచిలుకే. స్ట్రీమర్ ముందు ఇనుప బీరువా గానీ, పక్కన మైక్రోవేవ్ గానీ ఉంటే జరపాలి. 2.4లో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టాలి, అపార్ట్‌మెంట్లలో 40 పెడితే చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలతో ఢీకొంటుంది. వీలుంటే రూటర్ నుంచి ఒక ఈథర్‌నెట్ వైరు లాగడం అన్నిటికన్నా నమ్మకం. 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు.

‘రూటర్’ అనే రాయండి. బస్సు రూటు, రూటు మార్చడం మనకు ఎప్పటినుంచో ఉన్నవే, ఆ కుదుట్లో ఇది ఒదిగిపోతుంది. ‘రౌటర్’ తప్పు కాదు, అమెరికా ఉచ్చారణ. కాకపోతే చెక్కలో గాడి తీసే వడ్రంగి మిషన్‌ను కూడా ‘రౌటర్’ అంటారు. ‘మార్గదర్శిని’ అంటే పుస్తకం గుర్తొస్తుంది, పైగా పెట్టె మీద ఆ పేరు ఉండదు. వెతికేవాళ్ళకి కనబడేది పెట్టె మీది మాటే. ‘రూటరుకు’, ‘రూటర్‌కి’ రెండూ చెల్లుతాయి, కాగితం మొత్తం ఒకటే పాటించండి. బహువచనం ‘డాక్టర్లు’ లాగే ‘రూటర్లు’.